ఫుడ్ స్టాంపులు మొదలైన ఊరు: వెల్చ్‌లో బొగ్గు ఎవరిది, పేదరికం ఎవరిది?

2025 నవంబరు మొదటి వారానికి అమెరికాలో ప్రభుత్వ కార్యకలాపాల స్తంభన నెల రోజులు దాటింది. ‘స్నాప్’ అనే ఆహార సహాయ పథకం కింద ఆ నెలలో జమ కావలసిన సొమ్ము నిలిచిపోయింది. ఆ దేశ జనాభాలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, అంటే సుమారు 4.2 కోట్ల మంది ఈ పథకంపై ఆధారపడి ఉన్నారు. పూర్తి మొత్తం చెల్లించాలని దిగువ కోర్టు ఆదేశించడం, సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని తాత్కాలికంగా ఆపడం, ఈలోగా కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో ఆదుకోవడం వంటి పరిణామాల నడుమ నవంబరు 12న స్తంభన ముగిసింది.

ఈ పథకానికి ఒక పుట్టినూరు ఉంది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణ కొనన, అప్పలాచియన్ కొండల మధ్య, టగ్ ఫోర్క్ నదిలో ఎల్క్‌హార్న్ వాగు కలిసేచోట ఉన్న చిన్న పట్టణం వెల్చ్. మెక్‌డొవెల్ కౌంటీకి అది పరిపాలనా కేంద్రం. 1961 మే 29న నాటి వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ సమక్షంలో అమెరికాలో తొలి ప్రయోగాత్మక ఫుడ్ స్టాంపులు ఇక్కడే పంపిణీ అయ్యాయి. అందుకున్నది పేన్స్‌విల్‌కు చెందిన ఒక గని కార్మికుడి కుటుంబం. ఇంట్లో ఉన్నది పదిహేను మంది. 95 డాలర్ల విలువైన స్టాంపులు తీసుకుని, వాటితో ఆ దంపతులు మొదట కొన్నది ఒక డబ్బా పంది మాంసం, చిక్కుడు గింజల వంటకమని వ్యవసాయ శాఖ చరిత్రలో నమోదై ఉంది. అప్పట్లో స్టాంపులు ఉచితం కాదు. కుటుంబం తన వంతుగా కొంత నగదు చెల్లిస్తే, దానికి మించిన విలువ గల స్టాంపులు ఇచ్చేవారు. చేతిలో ఆ కొంత నగదు కూడా లేనివారు పథకానికి దూరంగా మిగిలిపోయేవారు. ఈ షరతును తొలగించే చట్టం 1977లో గానీ రాలేదు.

2025 జులై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నులు, వ్యయాల చట్టం స్నాప్‌లో మునుపెన్నడూ లేనంత కోత విధించింది. రానున్న పదేళ్లలో పథకంపై కేంద్రం పెట్టే ఖర్చు 18,000 కోట్ల డాలర్లకు పైగా తగ్గుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. ఈ కోత గురించి పత్రికలు విస్తారంగా రాశాయి. అదే చట్టంలో మరో నిబంధన ఉంది, దానిని పట్టించుకున్నవారు తక్కువ. ఉక్కు తయారీకి వాడే బొగ్గు ఉత్పత్తి వ్యయంలో 2.5 శాతాన్ని పన్ను రాయితీగా కంపెనీలకు తిరిగి ఇవ్వాలన్నది దాని సారాంశం. ఆ బొగ్గుతో ఉక్కు తయారయ్యేది అమెరికాలోనా, విదేశాల్లోనా అన్నదానితో నిమిత్తం లేదు. మెక్‌డొవెల్ కొండల కింద ఉన్నది సరిగ్గా ఆ రకం బొగ్గే. ఒకే చట్టం ఒకే కౌంటీలో నేల కింది బొగ్గుకు రాయితీ ఇచ్చింది, నేల మీది మనిషి తిండికి షరతు పెట్టింది. వెల్చ్ చరిత్రలో ఇది కొత్త విషయం కాదు. గత నూట ముప్పయ్యేళ్లలో ఇది పలు రూపాల్లో జరుగుతూనే ఉంది.

అప్పలాచియా గురించి బయటి ప్రపంచంలో స్థిరపడిన కథనం ఒకటుంది. బొగ్గు అయిపోయింది, కాబట్టి ఊళ్లు ఎండిపోయాయి అన్నది ఆ కథనం. వెల్చ్ విషయంలో ఇది సగం కూడా నిజం కాదు. బొగ్గు అయిపోలేదు. బొగ్గు తీయడానికి కావలసిన మనుషుల సంఖ్య తగ్గిపోయింది. అంతకంటే ముఖ్యంగా, ఆ బొగ్గు మొదటి నుంచీ ఆ ఊరివారిది కాదు.

ఇక్కడ ఒక మాటల ముచ్చట చెప్పుకోవాలి. ఈ ప్రాంతాన్ని బయటి అమెరికన్లు ‘ఆపలేషియా’ అంటే, స్థానికులు ‘ఆపలాచ’ అంటారు. మొదటి విధంగా పలికినవాడు పైనుంచి వచ్చినవాడని వారికి తక్షణం తెలిసిపోతుంది. తెలుగులో మనం రాసే ‘అప్పలాచియా’ ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. రెండు కొండల నడుమ ఇరుకుగా సాగి, ఒక వాగు, ఒక బాట, వరసగా కొన్ని ఇళ్లు మాత్రమే పట్టే చోటును అక్కడివారు ‘హాలర్’ అంటారు. అనువాదంలో దీన్ని లోయ అని రాసేస్తుంటాం. లోయ అనగానే విశాలమైన పచ్చిక, మైదానం కళ్లముందు కదులుతాయి. ఇది అటువంటిది కాదు. మన కోన అన్న మాటే దీనికి దగ్గర. ఈ భౌగోళిక రూపం గుర్తుంటేనే వెల్చ్ సమస్యలు అర్థమవుతాయి. కౌంటీ మొత్తంలో ఇల్లు కట్టుకోవడానికి పనికివచ్చే చదునైన నేల అంటే ఈ కోనల అడుగు భాగమే.

1880 జనాభా లెక్కల్లో మెక్‌డొవెల్ కౌంటీలో ఉన్నది 3,074 మంది. మొక్కజొన్న సాగు, పందుల పెంపకం, వేట వారి జీవనాధారం. పొరుగున వర్జీనియాలోని పోకాహాంటస్ పట్టణం నుంచి 1883లో బొగ్గు రవాణా మొదలైంది. పొగ తక్కువ, వేడి ఎక్కువ, కోక్ తయారీకి శ్రేష్ఠం అన్న పేరు ఆ బొగ్గుకు త్వరలోనే వచ్చింది. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు మార్గం 1888లో ఎల్క్‌హార్న్ సొరంగం దాటి కౌంటీలోకి ప్రవేశించింది. 1892లో ఒహాయో రాష్ట్రం వరకు లైను పూర్తయింది. అదే సంవత్సరం కౌంటీ కేంద్రం వెల్చ్‌కు మారింది. పాత కేంద్రపు మద్దతుదారులు గొడవకు దిగుతారేమోనన్న భయంతో దస్త్రాలను రాత్రికి రాత్రి రెండు బండ్లలో తరలించారని స్థానిక చరిత్ర చెబుతుంది. ఊరికి పేరునిచ్చిన ఐజాయా వెల్చ్ అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యపు కెప్టెన్. తర్వాత ఈ కొండల్లో బొగ్గు పొరలను సర్వే చేసినవాడు. 1894లో వెల్చ్ పట్టణంగా నమోదైంది. 1910 నాటికి కౌంటీ జనాభా 47,856.

రైలు రాకముందే భూమి చేతులు మారిపోయింది. తూర్పు తీర నగరాల పెట్టుబడిదారులు, వారి తరఫున రైల్వేకు అనుబంధంగా ఏర్పడిన భూ కంపెనీలు కొండలను కారుచౌకగా కొన్నాయి. చాలాచోట్ల పైనేల రైతుకు వదిలి, కింది ఖనిజంపై హక్కును మాత్రమే రాయించుకున్నారు. పైన ఉన్నది ఒకరిదీ, కింద ఉన్నది మరొకరిదీ అయ్యే ఈ ఏర్పాటు అర్థం గనులు తెరుచుకున్నాక గానీ రైతులకు బోధపడలేదు. 2013లో వెస్ట్ వర్జీనియా భూ యాజమాన్యంపై వెలువడిన అధ్యయనం, రాష్ట్రంలో అతిపెద్ద పదిమంది యజమానుల చేతిలోనే ప్రైవేటు భూమి సగానికి పైగా ఉన్న కొద్ది కౌంటీల్లో మెక్‌డొవెల్‌ను చేర్చింది. వారిలో అధికులు బయటి కంపెనీలే. రాష్ట్రం బొగ్గు తవ్వకంపై 5 శాతం పన్ను వసూలు చేస్తుంది. ఆ ఆదాయంలో చాలా భాగం రాష్ట్ర ఖజానాకే చేరుతుంది. తవ్విన కౌంటీకి మిగిలేది స్వల్పం.

అలాగని వెల్చ్ వైభవం కల్పన కాదు. దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతివారు, హంగరీ, ఇటలీ, పోలండ్ దేశాల నుంచి వలసదారులు గనులకు వచ్చారు. నల్లజాతి ఓటర్లను దక్షిణాది రాష్ట్రాలు ఓటు హక్కుకు దూరం చేస్తున్న రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో వారి ఓటు నిలిచింది. కీస్టోన్‌లో ‘మెక్‌డొవెల్ టైమ్స్’ నడిపిన నల్లజాతి సంపాదకుడు ఎం.టి. విట్టికో తమ ప్రాంతాన్ని సగర్వంగా ‘స్వేచ్ఛా రాజ్యం’ అని పిలుచుకునేవాడు. అమెరికాలో చట్టసభలో కూర్చున్న తొలి నల్లజాతి మహిళ మినీ బకింగ్‌హామ్ హార్పర్ 1928లో ఈ కౌంటీ స్థానం నుంచే నియమితురాలయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల స్మారక భవనం అదే ఏడాది కింబాల్‌లో వెలసింది. పాఠశాలల్లో వివక్ష ఇక్కడా ఉంది, గనిలో ప్రమాదకరమైన పని వారికే ముందు దక్కేది. అయినా దక్షిణాదితో పోల్చితే ఇక్కడ మాట చెల్లేది, ఓటు పనిచేసేది.

గని కార్మికుడి జీతం మాత్రం తరచూ కంపెనీ ముద్రించిన టోకెన్లలో వచ్చేది. ఆ టోకెన్లు చెల్లేది కంపెనీ దుకాణంలో. ఇల్లు కంపెనీది, వైద్యుడు కంపెనీ మనిషి, తాగునీటి గొట్టం కంపెనీ వేసింది. యూనియన్‌లో చేరితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఈ ఘర్షణలో అత్యంత ప్రసిద్ధమైన హత్య వెల్చ్ న్యాయస్థానపు మెట్ల మీదే జరిగింది. పొరుగు కౌంటీలోని మేట్‌వాన్ పోలీసు అధిపతి సిడ్ హాట్‌ఫీల్డ్ 1920లో కంపెనీల ప్రైవేటు డిటెక్టివ్‌లను ఎదిరించి కార్మికుల కథానాయకుడయ్యాడు. 1921 ఆగస్టు 1న విచారణకు భార్యతో కలిసి వచ్చి మెట్లెక్కుతున్న అతన్నీ, మిత్రుడు ఎడ్ చేంబర్స్‌నూ బాల్డ్విన్-ఫెల్ట్స్ ఏజెన్సీ మనుషులు కాల్చిచంపారు. ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలు లేవని సాక్షులు చెప్పారు. ఆ నెలాఖరుకు సుమారు పదివేల మంది కార్మికులు తుపాకులు పట్టి బ్లెయిర్ కొండవైపు నడిచారు. అంతర్యుద్ధం తరువాత అమెరికా చూసిన అతిపెద్ద సాయుధ తిరుగుబాటు అదే. కేంద్ర సైన్యం దిగాక గానీ అది ఆగలేదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటికి వెల్చ్ కళకళలాడేది. కార్లు పెరిగి నిలుపుకునే చోటు లేకపోవడంతో 1941లో పట్టణం తన సొంత సొమ్ముతో బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం కట్టింది. పురపాలక సంఘమే కట్టిన అటువంటి భవనాల్లో అమెరికాలో అదే మొదటిదంటారు. 1950లో కౌంటీ జనాభా 98,887కు చేరింది. అది శిఖరం. అదే సంవత్సరం గని కార్మిక సంఘం అధినేత జాన్ ఎల్. లూయిస్ బొగ్గు కంపెనీలతో చేసుకున్న ఒప్పందం ఆ శిఖరానికి అవతలి వాలు. కార్మికుల ఆరోగ్యం, పింఛన్ల నిధికి కంపెనీలు సొమ్ము ఇస్తాయి, యంత్రాల రాకను సంఘం అడ్డుకోదు. కార్మికుడికి అది అవసరమైన నిధే. కానీ ఉద్యోగం ఉన్నవాడికే దాని ఫలం. కోత, తవ్వకం, లోడింగ్ ఒకేసారి చేసే కంటిన్యువస్ మైనర్ యంత్రం దిగగానే పదేళ్లలో రాష్ట్రవ్యాప్తంగా గని ఉద్యోగాలు సగానికి పైగా పోయాయి. 1960కి కౌంటీ జనాభా 71,359కి పడింది.

ఈ వైచిత్రిని పసిగట్టిన రాజకీయ నాయకుడు జాన్ కెన్నెడీ. 1960 ప్రైమరీ ఎన్నికల కోసం వెస్ట్ వర్జీనియా కోనల్లో తిరిగిన ఆయన, మెక్‌డొవెల్ మునుపటి కంటే ఎక్కువ బొగ్గు తవ్వుతున్నా, ప్రభుత్వం పంచే మిగులు ఆహార పొట్లాల కోసం నిలబడేవారూ అక్కడే అత్యధికమని తర్వాతి ప్రచార సభల్లో ఎత్తిచూపారు. ప్రొటెస్టెంట్లు అధికంగా ఉన్న ఈ రాష్ట్రంలో మే 10న క్యాథలిక్ అయిన ఆయన సాధించిన విజయం నామినేషన్‌కు దారి సుగమం చేసింది. ప్రమాణం చేసిన మర్నాడు, 1961 జనవరి 21న, అధ్యక్షుడి హోదాలో ఆయన జారీ చేసిన తొలి ఉత్తర్వు పేదలకు ఆహార పంపిణీని పెంచడం గురించే. నాలుగు నెలల తరువాత వెల్చ్‌లో స్టాంపులు వచ్చాయి. 1964లో లిండన్ జాన్సన్ దాన్ని శాశ్వత చట్టం చేశారు.

కెన్నెడీ రోగాన్ని సరిగానే గుర్తించారు. వేసిన మందు మాత్రం ఆకలికే. తవ్వకం పెరిగినకొద్దీ ఊరి రాబడి ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నను, అంటే భూమి, ఖనిజం, పన్ను ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్నను వాషింగ్టన్ ముట్టుకోలేదు. ఫుడ్ స్టాంపులు లక్షల ప్రాణాలు నిలిపాయి, అందులో సందేహం లేదు. కానీ ఆరు దశాబ్దాలుగా వెల్చ్‌కు వచ్చే ప్రతి సహాయమూ వ్యక్తికి అందేదే తప్ప ఊరికి మిగిలేది కాకపోవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

తర్వాతి దెబ్బ 1980లలో తగిలింది. వెల్చ్‌కు దక్షిణాన ఉన్న గ్యారీ పట్టణాన్ని శతాబ్దారంభంలో యు.ఎస్. స్టీల్ తన ఉక్కు కొలుముల కోసమే నిర్మించింది. ఉక్కు మాంద్యంలో అక్కడి గనులు మూతపడుతూ వచ్చి 1986తో ముగిశాయి. ఆ ఒక్క దశాబ్దంలో కౌంటీ జనాభా 49,899 నుంచి 35,233కు పడిపోయింది. 2020 లెక్కల్లో మిగిలింది 19,111 మంది. రాకెట్లు ప్రయోగించిన గని ఊరి పిల్లల కథగా హోమర్ హికమ్ రాసిన ‘రాకెట్ బాయ్స్’ ద్వారా, దాని ఆధారంగా 1999లో వచ్చిన ‘అక్టోబర్ స్కై’ చిత్రం ద్వారా మన పాఠకులకూ పరిచయమైన కోల్‌వుడ్ ఈ కౌంటీలోదే. ఆ పిల్లలు చదివిన బిగ్ క్రీక్ ఉన్నత పాఠశాల 2010లో మూతపడింది.

కంపెనీ వెళ్లిపోతే ఉద్యోగాలతో పాటు ఇంకేం పోతాయన్నది బయటివారికి వెంటనే తట్టదు. కంపెనీ వేసిన నీటి గొట్టాలు అక్కడే ఉండిపోయాయి. వాటి బాధ్యత తీసుకునేవారు లేరు. కీస్టోన్‌లో నీరు కాచి తాగాలన్న హెచ్చరిక దాదాపు దశాబ్దం పాటు అమల్లో ఉంది. పలు కోనల్లో జనం కొండవాలు ఊటల దగ్గర డబ్బాలు నింపుకునే దృశ్యం ఇప్పటికీ మామూలే. ప్రపంచంలో అత్యంత సంపన్న దేశపు పౌరులు వీరు. కౌంటీ నీటి సరఫరా సంస్థ పాత గని ఊళ్లను ఒక్కొక్కటిగా కొత్త పైపులైనుకు కలుపుతూ వస్తోంది. కొన్ని డజన్ల ఇళ్లకు గొట్టం వేయడానికి కొండలు తొలవాలి, దానికయ్యే ఖర్చును ఆ ఇళ్ల బిల్లులు ఎన్నటికీ తీర్చలేవు. గ్రాంటులు లేకుండా ఈ పని ఒక్క అడుగు ముందుకు పడదు.

వరదల సంగతీ అంతే. 2001 జులైలోనూ, 2002 మేలోనూ వెల్చ్ నీట మునిగింది. 2025 ఫిబ్రవరి 15న మళ్లీ టగ్ ఫోర్క్ పొంగింది. కౌంటీలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. రహదారులు, వంతెనలు, నీటి వ్యవస్థలు దెబ్బతిన్నాయి. ఫిబ్రవరి నెలాఖరులో కేంద్రం విపత్తు ప్రకటన చేసింది. ప్రతి వరద తరువాతా ‘వీళ్లు ఎత్తైన చోటికి ఎందుకు వెళ్లరు’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. ఎత్తైన చోటు నిటారు కొండ, పైగా అది కంపెనీది. మునిగే నేల తప్ప సామాన్యుడికి కొనుక్కోగల నేల లేదు.

ఈ పరిస్థితిలో ఊరిని నిలబెడుతున్నవి చర్చిలు, స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు, ఫుడ్ బ్యాంకులు, పాఠశాలలు. కింబాల్‌లోని ‘ఫైవ్ లోవ్స్ అండ్ టూ ఫిషెస్’ ఫుడ్ బ్యాంకు కౌంటీ నలుమూలలకూ సరుకులు పంచుతుంది. దాని సమీపంలోనే ఉండిన వాల్‌మార్ట్ దుకాణం 2016 జనవరిలో మూతపడింది. సుమారు 140 ఉద్యోగాలు పోయాయి. తాజా కూరగాయలు దొరికే ప్రధాన దుకాణం పోయింది. ఆ దుకాణం నుంచి ఫుడ్ బ్యాంకుకు వచ్చే మిగులు ఆహారమూ ఆగిపోయింది. ఉపాధ్యాయులు ఇక్కడ ఉండడానికి ఇష్టపడకపోవడానికి ఒక కారణం అద్దె ఇళ్లు లేకపోవడమని గుర్తించి, ఉపాధ్యాయ సంఘం చొరవతో వెల్చ్ నడిబొడ్డున ఒక నివాస భవనం కట్టారు. పాత గని బాటలను మోటారు వాహనాల విహార మార్గాలుగా మార్చిన ‘హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రైల్స్’ వల్ల వారాంతాల్లో బురద కొట్టుకున్న నాలుగు చక్రాల బండ్లు వెల్చ్ వీధుల్లో కనిపిస్తాయి. కొందరు ఖాళీ ఇళ్లను బసలుగా మార్చి సంపాదిస్తున్నారు. 2010లో తెరిచిన కేంద్ర కారాగారం మరికొందరికి జీతాలిస్తోంది. నవంబరు 11న మాజీ సైనికుల దినోత్సవ ఊరేగింపు ఏటా జరుగుతుంది. ఊరు వదిలి వెళ్లినవారు ఆ రోజు తిరిగి వస్తారు.

2023 మార్చిలో పోయిన మరొక సంస్థను ప్రత్యేకంగా ప్రస్తావించాలి. సుమారు శతాబ్ద కాలం వెలువడిన ‘వెల్చ్ న్యూస్’ ఆగిపోయింది. ఇంటర్నెట్ సరిగా అందని కోనల్లో వరద హెచ్చరిక, పాఠశాల బోర్డు సమావేశం, మరణ వార్త, నీటి సరఫరా నోటీసు అన్నిటికీ అదే ఆధారం. ఇదేం నష్టమని అనుకునేవారికి అదే రాష్ట్రం నుంచి ఒక ఉదాహరణ. టగ్ ఫోర్క్ దిగువన ఉన్న కెర్మిట్ జనాభా 400 మాత్రమే. అక్కడి ఒక్క మందుల దుకాణానికి రెండేళ్లలో దాదాపు 90 లక్షల మత్తు నొప్పి మాత్రలు సరఫరా అయ్యాయి. దీన్ని వెలికితీసింది జాతీయ పత్రికలు కావు, ‘చార్లెస్టన్ గెజెట్-మెయిల్’ అనే రాష్ట్ర పత్రిక విలేకరి ఎరిక్ ఐర్. 2017లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఎన్నికల ఏడాదిలో వెల్చ్‌కు వచ్చి, మూసిన దుకాణాల ఫొటోలు తీసి, ‘ట్రంప్ ఎందుకు గెలిచాడు’ అని రాసి వెళ్లే పాత్రికేయానికీ దీనికీ పోలిక లేదు.

ఆ ఎన్నికల విషయం క్లుప్తంగా. 2008లో మెక్‌డొవెల్ బరాక్ ఒబామాకు మెజారిటీ ఇచ్చింది. 2012లో రిపబ్లికన్ వైపు మళ్లింది. 2016లో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ట్రంప్‌కు వేశారు. ఆ ఏడాది ఓటింగ్ శాతం రాష్ట్రంలోనే బాగా తక్కువగా ఉన్న కౌంటీల్లో ఇది ఒకటన్నది పెద్దగా రాయని వివరం. ఓటు మారినవారి కంటే ఓటు మానుకున్నవారి గురించి తెలిసింది తక్కువ.

బొగ్గు మళ్లీ వస్తుందన్న వాగ్దానం ఒక అర్థంలో నెరవేరుతూనే ఉంది. విద్యుత్ కేంద్రాలకు పోయే బొగ్గు గిరాకీ అమెరికాలో పడిపోయినా, ఉక్కుకు వాడే కోకింగ్ బొగ్గుకు విదేశాల్లో గిరాకీ నిలిచి ఉంది. 2025లో ఆ దేశం దాన్ని కీలక పదార్థాల జాబితాలో చేర్చింది. వెల్చ్ పరిసర కోనల్లో నింపిన రైళ్లు వర్జీనియా తీరంలోని నార్ఫోక్ రేవుకు చేరతాయి. ఇటీవలి సంవత్సరాల్లో అమెరికా బొగ్గును అత్యధికంగా కొంటున్న దేశం భారత్. మన కోకింగ్ బొగ్గు నాణ్యత చాలక, దేశంలోని ఉక్కు కర్మాగారాలు, విశాఖ ఉక్కు సహా, దిగుమతులపైనే ప్రధానంగా నడుస్తున్నాయి. ఆస్ట్రేలియాపై ఆధారపడటం తగ్గించుకునేందుకు అమెరికా వైపు చూడటం మన విధానంలో భాగమైంది. వాణిజ్య చర్చల్లో ఇంధన కొనుగోళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ బొగ్గూ అందులో ఉంటుంది.

ఆ తవ్వకంలో మనిషి చెల్లిస్తున్న మూల్యం పెరిగింది. మందపాటి పొరలు అయిపోయి, ఇప్పుడు పలుచని పొరలు తవ్వుతున్నారు. బొగ్గుతో పాటు పైనా కిందా ఉన్న రాతినీ యంత్రం కోస్తుంది. ఆ రాతిలోని సిలికా ధూళి ఊపిరితిత్తులను వేగంగా గట్టిపరుస్తుంది. తాతల కాలంలో అరవై ఏళ్లకు కనిపించిన నల్ల ఊపిరితిత్తుల వ్యాధి ఇప్పుడు నలభైల్లో ఉన్నవారిలో తీవ్ర రూపంలో కనిపిస్తోందని వైద్యులు నివేదిస్తున్నారు. సిలికా పరిమితిని సగానికి తగ్గిస్తూ 2024 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన అమలు 2025లో వాయిదా పడింది. ఈ వ్యాధిపై పరిశోధించే మోర్గన్‌టౌన్‌లోని కేంద్ర సంస్థ సిబ్బందికి అదే ఏడాది తొలగింపు నోటీసులు వెళ్లాయి. 2010 లెక్కల ప్రకారం మెక్‌డొవెల్ పురుషుడి సగటు ఆయుర్దాయం 64 ఏళ్లు. వాషింగ్టన్ శివారులోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పురుషుడిది 82. రెండింటి మధ్య దూరం ఒక పగటి ప్రయాణం. ఇటువంటి గ్రామీణ ప్రాంతాల ఆసుపత్రులను చాలాకాలంగా నడుపుతున్నవారిలో విదేశీ వైద్యులు, ముఖ్యంగా భారతీయులు, వారిలో తెలుగువారూ ఉన్నారు. కొత్త హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో వెలువడిన ప్రకటన మన వద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కోణంలోనే చర్చకు వచ్చింది. అప్పలాచియన్ ఆసుపత్రుల కోణం దాదాపు ఎవరికీ పట్టలేదు.

ఇక స్నాప్ కోత వెల్చ్‌ను తాకే తీరు. పథకంలో కొనసాగాలంటే పిల్లలు లేని పెద్దలు నెలకు 80 గంటలు పని చేయాలి, లేదా శిక్షణలో ఉండాలి. లేకుంటే మూడేళ్లలో మూడు నెలలకే సాయం ఆగుతుంది. కొత్త చట్టం ఈ నిబంధనను 64 ఏళ్ల వయసు వరకు పొడిగించింది. 14 ఏళ్లు నిండిన పిల్లల తల్లిదండ్రులకూ వర్తింపజేసింది. ఉద్యోగాలు లేని ప్రాంతాలకు ఇదివరకు రాష్ట్రాలు మినహాయింపు కోరగలిగేవి. ఇప్పుడు నిరుద్యోగం పది శాతం దాటితేనే ఆ మినహాయింపు. మెక్‌డొవెల్‌లో అధికారిక నిరుద్యోగం ఇటీవలి సంవత్సరాల్లో పది శాతం లోపే నమోదవుతోంది. కారణం అక్కడ ఉద్యోగాలుండటం కాదు. నిరుద్యోగి అంటే ఉద్యోగం వెతుకుతున్నవాడు అన్నది గణాంక నిర్వచనం. వెతకడం మానేసినవాడు, నడుము విరిగి పింఛను కోసం ఎదురుచూస్తున్నవాడు, కారు లేక కొండ దాటలేనివాడు ఆ లెక్కలోకి రారు. పనిచేసే వయసున్న వారిలో శ్రామిక శక్తిలో ఉన్నవారి వాటా ఎంత తక్కువైతే ఈ లెక్క అంత మెరుగ్గా కనిపిస్తుంది. ఆ వాటా దేశంలో అతి తక్కువగా ఉన్న కౌంటీల్లో మెక్‌డొవెల్ ఒకటి.

2026 అక్టోబరు నుంచి పథకం నిర్వహణ ఖర్చులో రాష్ట్రాల వాటా 50 నుంచి 75 శాతానికి పెరుగుతుంది. 2027 అక్టోబరు నుంచి, చెల్లింపుల్లో పొరపాట్లు 6 శాతం లేదా అంతకు మించిన రాష్ట్రాలు చరిత్రలో తొలిసారి ఆహార సహాయపు ఖర్చులోనే 5 నుంచి 15 శాతం భరించాలి. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలో చార్లెస్టన్‌లోని శాసనసభ తేల్చుకోవలసి ఉంది.